చిత్రకళయందు గృహోపకరణములు

వైశాఖమాసమున పల్నాటి యెండ యెట్లుండునో యెఱుగనివారికి మాటలతో జెప్పి నమ్మించుట కష్టము. అందును రెంటచింతల యెండ మఱింత ప్రసిద్ధము. వేసవిలో ఆంధ్రదేశమున నెక్కడ నెక్కువ వేడిమి కలిగినదని వార్తాపత్రికలు ప్రకటించునప్పుడు ఈ యూరి పేరు తఱచుగా మొదటివరుసలో నుండును. ఉదయము తొమ్మిది గంటలు దాటెనన్న వీధులు నిర్మానుష్యములగును. పదునొకండు గంటలకు కుక్కలైనను అరుగుల క్రింది నీడను విడిచి రావు. ఇండ్ల తలుపులన్నియు మూయబడి, ఒక కిటికీరెక్క మాత్రము నాలుగు వ్రేళ్లంత తెఱువబడి, ఆ సందునుండి వచ్చు వెలుగు వంటయింటి నాపరాళ్లపై చాఱవలె బడియుండును. అప్పు డింటిలో కదలునది యేమియు నుండదు. ఇసుకపై నిలిపిన మంచినీళ్ల కుండ, దానిపై మూకుడు, మూకుడుపై బోర్లించిన చెంబు, గోడకు జేరవేసిన చేట, మూలనున్న పచ్చడి జాడీలు, ఇవి మాత్రమే మేలుకొని యున్నట్లు తోచును.

గడచిన వేసవిలో మేము రెంటచింతలయందు మా బంధువుల యింట పదిదినము లుంటిమి. ఆ యింటి చిన్నమ్మాయికి పదునేడేండ్లు. అందఱును నిద్రించు మధ్యాహ్నవేళ ఆమె వంటయింటి గడపకడ కూర్చుండి నీళ్లరంగులతో ఆ కుండను చిత్రించుచుండెను. ఆ యెండకు కుంచెలోని రంగు కాగితము నంటిన తత్క్షణమే యారిపోవుచుండెను. రంగులపలక చుట్టును ఆమె యొక తడిగుడ్డను జుట్టి యుంచుకొనెను. మేము వెనుక నిలిచి చూచుచుంటిమి. ఇంతలో తల్లి నిద్రలేచి వచ్చి, “కుండను గీసితివేమే? లక్ష్మీదేవిని గీయరాదా? పోనీ, ఒక మనిషినైనను గీయరాదా? కుండ నెవరు చూతురే?” అని, మావైపు దిరిగి, “మీరైనను చెప్పుడు వదినగారూ, చిత్రకళ చదువునకు బోయెదనని పట్టుపట్టినది. అక్కడివారికి ఈ కుండను జూపునట!” అనెను. పిల్ల యుత్తర మీయలేదు. కుండమూతికి నీడ వేయుచు నట్లే కూర్చుండెను.

మేమును అప్పటి కేమియు జెప్పలేకపోతిమి. వదినగారి ప్రశ్న కొట్టివేయదగినది కాదు. ఇంటిలో నిత్యము తోమి, కడిగి, బోర్లించి విసిగిన వస్తువును మరల గోడమీద చట్టములో బిగించి చూడుమన్న, ఏ గృహిణి యైనను నవ్వకుండునా? కాని యీ ప్రశ్నకు లోకము నాలుగువందల యేండ్లనుండి, మన కృష్ణాతీరమువా రంతకంటె మిక్కిలి పూర్వమునుండి, సమాధానము చెప్పుచునే యున్నారు. దానిని సోదరీమణులతో ముచ్చటించుటకే ఈ వ్యాసము.

కదలని వస్తువుల నెదుట బెట్టుకొని చిత్రించుట పాశ్చాత్యదేశములందు చిత్రకళలో నొక ప్రత్యేకశాఖ. దీనిని ఇంగ్లీషువారు ‘స్టిల్ లైఫ్’ అందురు, అనగా నిశ్చలజీవనము. ఈ మాట 17వ శతాబ్దపు డచ్చివారినుండి వచ్చినది. ఫ్రెంచివారు ‘నాత్యూర్ మోర్త్’ అని పేరు పెట్టిరి. అనగా చచ్చిన ప్రకృతి. ఒకే పండ్లపళ్లెమును జూచి యొకరు జీవనమనిరి, ఒకరు మరణమనిరి. మాకు డచ్చివారి మాటయే నచ్చినది. కావున మేము దీనిని నిశ్చలచిత్రమని వ్యవహరించెదము.

ఇది పరదేశీయుల విద్య యనియు, మనకు దేవతలు, పురాణకథలు, రాజులు మాత్రమే చిత్రింపదగినవనియు కొంద ఱందురు. ఇతరు లెవ్వ రన్నను సరియే గాని, పల్నాటివా రామాట యనరాదు. అమరావతీస్తూపమునకు దొడిగిన శిలాఫలకము లన్నియు పల్నాటి సున్నపురాయి. ఇక్కడి యిండ్లలో నేలకు బఱచు నాపరాయియు ఆ జాతిదే. 1797 సంవత్సరమున కర్నలు కాలిన్ మెకంజీ చూచి లోకమునకు దెలిపిన తరువాత ఆ ఫలకము లనేకము చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును జేరినవి. వానిలో మరల మరల గనిపించు రూప మొకటి కలదు. అది పూర్ణఘటము. గుండ్రని కడుపుగల కుండ. దాని మూతినుండి నిండుగా పైకి వచ్చిన తామరలు. కొన్ని మొగ్గలు, కొన్ని సగము విచ్చినవి, కొన్ని పూర్తిగా విరిసి కుండ యంచులమీదుగా ప్రక్కలకు వ్రాలినవి. అక్కడ దేవుడు లేడు, రాజు లేడు, కథ లేదు. కుండయు పూవులును మాత్రమే కలవు. శిల్పి యా కుండ నునుపునందును, రేకుల వంపునందును చూపిన శ్రద్ధ ఏ రాజకుమారుని మలచుటయందును మించి చూపియుండడు. 2018 సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు స్వీకరించిన రాజముద్రయందు నడుమ నున్నది ఈ పూర్ణఘటమే. మన సర్కారు కాగితముల మీదికే కుండ యెక్కిన దన్నమాట!

ఆ ఫలకములలో నొకదానిపై దాతల పేర్లు చెక్కబడి యున్నవి. పూర్ణఘటము గల యా ఫలకమును దానమిచ్చినవాడు విధికుడను చర్మకారుడు. తానొక్కడే యిచ్చినట్లు వ్రాయించుకొనలేదు. తల్లితోడను, భార్యతోడను, సోదరులతోడను, కొడుకుతోడను, కూతుండ్రతోడను, బంధుమిత్రులతోడను గూడి యిచ్చితినని చెక్కించెను. తోలు కుట్టి బ్రదుకువాని యింటివారందఱును గలిసి స్తూపమునకు సమర్పించిన కానుక పూలకుండ బొమ్మ! ఈ సంగతి వదినగారికి జెప్పినప్పుడు ఆమె కొంతసే పూరకుండి, “పూలున్నవి గదా అందులో” అనెను. ఆ మాటయు నిజమే. మంచినీళ్ల కుండలో పూలు లేవు.

పూలు లేని సంగతియు నమరావతిలోనే కలదు. అక్కడి శిల్పులు తొలికాలమున బుద్ధుని మనుష్యరూపమున మలచలేదు. ఆయన యుండవలసినచోట ఒక సింహాసనము, దానిపై దిండ్లు, క్రింద రెండు పాదముల గుర్తులు, పైన ఛత్రము; అంతే. చుట్టును జనులు చేతులు మోడ్చి, ఖాళీగా నున్న ఆ యాసనమువైపు చూచుచుందురు. ఆ పాదముల గుర్తుల యెదుట స్త్రీలు సాగిలబడి మ్రొక్కుచున్న శిల్ప మొకటి మిక్కిలి పేరు గాంచినది. ఆ స్త్రీల వీపులలోని వంపును జూచినవారు అక్కడ మనిషి లేడని యనజాలరు. వస్తువులు మాత్రమే యుండి మనిషి లేకపోవుట యనున దీ కళకు లోపము కాదు; అదియే దీని బలమని మా యభిప్రాయము.

మాచెర్లకు సమీపమునందలి నాగార్జునకొండయు నీ తీరపుదే. 1926 సంవత్సరమున దాని శిథిలములు బయల్పడినవి. ఇక్ష్వాకురాజులకు రాజధానియైన విజయపురి యది; క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములనాటి మాట. అచ్చటి మహాచైత్యమునకు స్తంభములు నెత్తించిన చాంతిసిరి రాజుగారి తోబుట్టువు. బోధిసిరి యను నుపాసిక సింహళపు గురువులకై చైత్యగృహమును గట్టించెను. ఆ లోయ నాగార్జునసాగరపు నీటిలో మునిగినను, శిల్పములలో ననేకము కొండపై దీవిలోని మ్యూజియమునకు దరలింపబడినవి.

ఇక రెంటచింతలవారి కింకను దగ్గఱిది కారెంపూడి. ఏటేట కార్తికమాసపు టమావాస్యకు అక్కడ పల్నాటివీరుల యుత్సవము లైదు దినములు జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల విగ్రహముల కంటె నచ్చట ముఖ్యమైనవి వారి యాయుధములు. పలు గ్రామములనుండి వీరాచారవంతులు కొణతములను దెత్తురు. వానిని నాగులేటిలో స్నానము చేయించి యూరేగింతురు. ఒక్కొక్క కొణతము ఒక్కొక్క వీరుడు. ఆ యినుపకమ్మిని జూచి “అదిగో ఫలానావాడు” అని చేతులెత్తి మ్రొక్కు ముసలమ్మలను మే మెఱుగుదుము. ఒక వస్తువు మనిషికి మారుగా నిలుచుట యనునది పల్నాటి స్త్రీకి పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు.

సంక్రాంతినాటి బొమ్మలకొలువు సంగతి జెప్పకున్న సోదరీమణులు మమ్ము క్షమింపరు. మెట్లపై తెల్లగుడ్డ పఱచి, ఏ బొమ్మ యెక్కడ నుండవలెనో గంటలకొలది తర్కించి, ఎఱ్ఱదానిని పచ్చదాని ప్రక్కనుండి తీసి మఱియొకచోట నుంచి, వెనుకకు నడచి కన్నులు చికిలించి చూచు బాలిక చేయునది సరిగా నిశ్చలచిత్రకారుని తొలిపనియే. కొండపల్లి బొమ్మల నడుమ ఆమె పెట్టు లక్కపిడతలను జూడుడు. రోలు, తిరగలి, కుంపటి, బిందె, అన్నియు బొటనవ్రేలంతవి. వంటయిల్లు చూడదగినదని ఆ పిల్ల కెవ్వరు నేర్పిరి?

అట్లయిన ఈ కళకు చిన్నచూపు ఎక్కడనుండి వచ్చినది? 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు రాజాస్థాన చిత్రకళాపరిషత్తువారు చిత్రములకు కులవిభాగము చేసిరి. పురాణములు, చరిత్రలు చిత్రించువా రగ్రజులు. మనుష్యుల ముఖములు చిత్రించువారు తరువాత. జంతువులు, ప్రకృతిదృశ్యములు ఆ పిమ్మట. పండ్లు, పాత్రలు చిత్రించువా రందఱికంటె దిగువ. పురాణచిత్రమునకు మనుష్యదేహము నెదుట నిలుపుకొని యభ్యసింపవలెను. స్త్రీలకు దాని కనుమతి లేదు. కావున చిత్రకళయం దాసక్తిగల స్త్రీకి మిగిలినది ఇంటి బల్లయు, బల్లపైని సామానును. స్త్రీలకు మిగిలినది కావున అది తక్కువదా, తక్కువది కావున స్త్రీలకు మిగిల్చిరా యని యడిగిన, రెండును ఒకదాని నొకటి పోషించుకొన్నవని మాకు తోచుచున్నది.

అట్లు మిగిలినదానితో వా రేమి చేసిరో చూడుడు. క్లారా పీటర్స్ అను నామె 17వ శతాబ్దారంభమున నేటి బెల్జియముదేశపు ప్రాంతమున చిత్రములు వ్రాసెను. ఆమె జీవితమునుగూర్చి లోకమునకు దెలిసినది మిక్కిలి స్వల్పము. ఆమె వెన్నముద్దలను, చేపలను, బాదముపప్పును, బంగారునీరు పోసిన గిన్నెలను చిత్రించెను. ఆ గిన్నెల మెఱుగులలోనికి దగ్గఱగా చూచిన, ఆవగింజంత రూపమున కుంచెపట్టిన స్త్రీ యొకతె ప్రతిఫలించుచుండును. అది ఆమెయే! ఒక చిత్రమున బల్లయంచున నొక వెండికత్తి యున్నది. ఆ కాలపు పెండ్లికానుకలలోని కత్తి వంటిది. దాని పిడిపై ఆమె పేరు చెక్కినట్లు చిత్రించెను. 2016 సంవత్సరమున స్పెయినుదేశపు ప్రాడో మ్యూజియమువారు ఆమె చిత్రములతో ప్రదర్శనము సాగించిరి. రెండువందల సంవత్సరములకు దగ్గఱపడిన ఆ మ్యూజియమున ఒక చిత్రకారిణికై ప్రత్యేకముగా జరిగిన ప్రదర్శనములలో నదియే మొదటిది.

ఆ కత్తిపిడి సంగతి చదివినప్పుడు మాకు మన యింటి యిత్తడి బిందెలు జ్ఞప్తికి వచ్చినవి. పుట్టినింటివా రిచ్చిన ప్రతి పాత్రపైనను పేరు కొట్టించుట మన యాచారము గదా. ఆస్తిపత్రములలో పేరు లేని స్త్రీలకు కూడ చెంబుపై పేరున్నది. ఇంటిలో తరములు మారినను ఆ చుక్కల యక్షరములు తోమినకొలది నునుపెక్కుచు నిలిచియుండును.

రేచెల్ రౌష్ (1664–1750) అను డచ్చి చిత్రకారిణి పూవులను చిత్రించుటయం దసమానురాలు. పదిమంది బిడ్డల తల్లి. ఎనుబదిమూడవయేట గూడ కుంచెను విడువలేదు. పదిమంది బిడ్డలతో పూరేకుపై చీమను జూచుటకు ఆమెకు తీరిక యెట్లు దొరకెనో మాకు తెలియదుగాని, ఆమె చీమను జూచెను. మన రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు (1897–1925) ఆంధ్రచిత్రకళకు క్రొత్త యూపిరి పోసిన దినములలో వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును గూడ కుంచె పట్టిరి. రామారావుగారు ఇరువదియెనిమిదవయేటనే మశూచికముచే కాలధర్మము నొందిరి. వారి పేరిట నా పట్టణమున చిత్రశాల యున్నది. గోదావరీతీరమునకు బోవు సోదరీమణులు పుష్కరస్నానముతోపాటు ఆ చిత్రశాలను గూడ చూచి వచ్చిన బాగుండును.

మన కాలమున ఈ చిత్రముల కాదరణ తగ్గినదా? ఛాయాచిత్రయంత్ర మింటింటికిని వచ్చి, ఇప్పుడు సెల్‌ఫోనుతో పసిపిల్లలును కాఫీకప్పును పటము తీయుచుండగా, కుండను కుంచెతో వ్రాయుట యెందుకని యడుగువారున్నారు. మా కనుభవమైన దొకటి చెప్పెదము. ఫోనుతో దీసిన పటమును అరనిమిషము చూతుము. చేతితో గీసిన దానియందు ఒకరు మూడుగంటలసేపు చూచిన చూపు నిలిచియుండును. ఆ చూపునే మనము చూచుచున్నాము.

ఇటలీదేశమున బొలోన్యా పట్టణపు జోర్జో మొరాండి (1890–1964) తన జీవితమంతయు సీసాలను, గిన్నెలను, కూజాలను చిత్రించుటయందే గడపెను. పెండ్లి యాడలేదు, ముగ్గురు చెల్లెండ్రతో గలిసి యొక సామాన్యమైన యింట నివసించెను. ఆ యిల్లు మువ్వురు స్త్రీలు చక్కబెట్టుచున్నను, ఆయన సీసాలపై దుమ్ము మాత్రము పేరుకొననిచ్చెడివాడు. మెఱుగు తగ్గి, వెలుగు మెత్తబడవలెనని. దుమ్మును దులుపకుండ చూచుచు నూరకుండుట ఆ చెల్లెండ్ర కెంత కష్టమైయుండునో మన సోదరీమణులు గ్రహింపగలరు. ఈ కళకు వారు చేసిన త్యాగ మదియని మేము నిశ్చయముగా దలచుచున్నాము.

విన్సెంటు వాన్ గో 1888 సంవత్సరమున తాను కూర్చుండు గడ్డికుర్చీని చిత్రించెను. కుర్చీపై చుట్టగొట్టమును పొగాకుపొట్లమును మాత్రము కలవు. వెనుక నొక పెట్టెలో మొలకలెత్తిన ఉల్లిగడ్డలు. ఆ పెట్టెపై తన పేరు. మనిషి లేడు. అమరావతి సింహాసనమును జూచిన మనకు ఆ కుర్చీ క్రొత్త గాదు. లండనులోని జాతీయచిత్రశాలలో దానియెదుట జనులు నేటికిని గుంపుగూడి నిలుతురు.

మన దేశమున బీహారునందు పుట్టిన సుబోధ్ గుప్తాగారు (జననము 1964) మన వంటయింటి స్టీలుగిన్నెలను, పళ్లెములను, డబ్బాలను చిత్రించుట చాలక, వానినే పేర్చి విగ్రహములు చేసిరి. 2006 సంవత్సరమున పారిసు పట్టణమున వారు స్టీలుపాత్రలతో నిర్మించిన మహాకపాల మొకటి ప్రదర్శింపబడెను. డచ్చివారు తమ చిత్రములలో పండ్లప్రక్కన కపాలము నుంచి, ఇదంతయు నశించునని హెచ్చరించెడివారు. గుప్తాగారు గిన్నెలతోనే కపాలమును జేసి దానికి ‘మిక్కిలి యాకలిగొన్న దేవుడు’ అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. తళతళలాడు గిన్నెలు, లోపల నన్నము లేదు. ఖమ్మముప్రాంతపు మధిరనుండి వచ్చిన సూర్యప్రకాశ్‌గారు (1940–2019) తొలిదినములలో త్రుప్పుపట్టి పాఱవేయబడిన కార్ల యినుమును చిత్రించిరి. పిదప రాలుటాకులను, కొలనులను చేపట్టిరి. పాతయినుపకొట్టులో అందమును జూచిన కన్ను ఎండుటాకునందు జూచుట వింతగాదు.

ఇంతవఱకు పెద్దవారి సంగతి. ఇంట కూర్చుండి ప్రయత్నింపగోరు సోదరీమణులకై రెండుమాటలు. మొదట ఒక్క కుండతో మొదలిడవలెను. ఇంటిసామానంతయు దెచ్చి కుప్పపోయరాదు. వెలుగు ఒక్కప్రక్కనుండియే రావలెను. రెండు కిటికీ లున్న నొకటి మూయుడు. కుండమూతి గుండ్రనిదని తెలియును గనుక గుండ్రముగా గీయుట అందఱును జేయు పొరపాటు. కన్ను కుండమూతికి సమముగా నున్న నది గీతవలె గనబడును. కన్ను పైకి లేచినకొలది కోడిగ్రుడ్డువలె విచ్చుకొనును. కుండ యడుగువంపు మూతివంపుకంటె నెక్కువ గుండ్రముగా నుండును. ఏలనన, అది కంటికి మఱింత దిగువ నున్నది. నీడను కేవలము నల్లరంగుతో పులుమరాదు. నీడ ప్రక్క చివరయంచున నేలనుండి తగిలిన సన్నని వెలుగొకటి యుండును. దానిని విడిచిన కుండ గుండ్రదనము పోవును. ఇత్తడిచెంబు మెఱుపునకు తెల్లరంగు వాడుటకంటె కాగితమునే వదలివేయుట మేలు. ఎండుమిరపకాయలు పల్నాటివారికి బంగారము; కాని ఎఱ్ఱరంగు ఒక్కటే యుంచుకొని వానిని గీయబూనిన, మిరపకాయకు మాఱు ప్లాస్టికుకాయ వచ్చును. క్రొత్తకాయ ఎఱుపు వేఱు, నిరుటికాయ యెఱుపు వేఱు, ముడుతలో ఎఱుపు వేఱు, తొడిమ దగ్గఱ వేఱు. కల్లములో చేరెడు కాయలు తీసికొని, ఇది యే రకము, ఎంత యెండినది యని వ్రేళ్లతో నలిపి చెప్పగల స్త్రీలకు ఈ భేదములు మేము చెప్పవలసిన పని లేదు.

ఆ చూపు మన స్త్రీల కెట్లు సహజమో మరునాటి మధ్యాహ్నము మేము కన్నులార జూచితిమి. పిల్ల చిత్రమును గోడకు జేరవేసి మంచినీళ్లకై లేచినది. వదినగారు ఆ దారిని బోవుచు నిలిచి, కొంచెము వంగి, “ఇది పాతకుండ కాదే, మొన్న తెచ్చినది. చెమ్మ సగముదాక దిగినది. నీళ్లు చల్లగా నుండును” అనెను. మట్టికుండ చెమర్చి దిగువభాగము నల్లబడి, ఇసుక తడిసిన సంగతి పిల్ల చిత్రించినది, తల్లి చదివినది. ‘కుండ నెవరు చూతు’రన్న ప్రశ్నకు మేము చెప్పదలచిన సమాధాన మంతయు అక్కడనే తీఱిపోయినది. మేము మాత్రము నోరు మెదపలేదు.

కాని ఆ యింట కుండకంటె బరువైన సంగతి యింకొకటి యుండెను. కార్తికమాసమున ఆ పిల్ల నాయనమ్మ పరమపదించినది. ఆమె కాపురమునకు వచ్చినప్పుడు తెచ్చిన రాగిగంగాళము, రెండు గుండిగలు, ఇత్తడిబిందెలు అటకనిండ నుండెను. తోముటకు మనిషి లేదు. గ్యాసుపొయ్యిపై గంగాళము నిలువదు. కొడుకు పట్టణమున నద్దెయింటిలో నున్నాడు. అందుచే పాతసామానులు కొనువానికి తూకమున నిచ్చివేయుటకు ఇంటివారు నిశ్చయించుకొనిరి. మేము బోవునప్పటికే గంగాళము వెళ్లిపోయినది. ఏబదియేండ్లు అది నిలిచినచోట నాపరాతిపై వలయాకారపు నల్లని జాడ మాత్రము మిగిలినది. వదినగారు దానిని చింతపండుతో రుద్దిచూచిరట, పోలేదట. వారిని దూషించుట మా యుద్దేశము కాదు. మా యింట గూడ అటుల పోయిన పాత్రలు లెక్కకు మిక్కిలి యున్నవి. ఇప్పుడు వానికై బాధపడుచున్నను, ఆ దినమున తోమవలసిన పని తప్పినదని సంతోషించినవారమే.

పిల్ల ఆ వలయమును కాగితముపై గీసి యుంచుకొనెను. మాకు మాత్రమే చూపినది. తరువాత అటకపైనుండి నాయనమ్మ వక్కలాకుపెట్టెను దింపి, అడకత్తెరను, సున్నపుకాయను బయట బెట్టి, మూడుదినములు దానిముందే కూర్చుండెను. ఇత్తడిపెట్టె మూతలోపలి యద్దము మసకబారియున్నది. ఆ మసకను రంగులలో దెచ్చుటకు ఆమె నాలుగు కాగితములు పాడుచేసినది.

ఆమె తండ్రి మితభాషి. తల్లి పోయినప్పుడు గూడ కంట నీరు పెట్టలేదని యింటివారు చెప్పుకొందురు. చిత్రకళ చదువుమాట యెత్తినప్పుడెల్ల “చూతములే” అని లేచిపోవుట ఆయన యలవాటు. నాలుగవనాటి సాయంకాలము పొలమునుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, తువాలుతో ముఖము తుడుచుకొనుచు చిత్రము ముందు నిలిచిపోయెను. చాలసేపటికి, “అడకత్తెర ఎడమప్రక్కన నుండవలె నమ్మా” అనెను. “ఆమెది ఎడమచేతివాటము. సున్నపుకాయ మూత ఎన్నడును సరిగా బిగించెడిది కాదు. మూత కాయమీదనే వాలియుండెడిది. నేను చిన్నప్పుడు దానితో ఆడుకొని దెబ్బలు తింటిని.”

పిల్ల మాటాడక అడకత్తెరను దీసి ఎడమప్రక్కన నుంచెను. తండ్రి వంగి సున్నపుకాయ మూతను తన చేతితో వదులుచేసి, వాల్చి పెట్టెను. పిదప పీట లాగుకొని అక్కడనే కూర్చుండెను. ఆమె క్రొత్త కాగితమును పలకకు బిగించుకొనుచుండగా, దీపము వేయవలెనా, కిటికీ తెఱువవలెనా యని ఆయన యడిగెను. కిటికీ యనెను ఆమె.

మేము బయలుదేఱు దినమున సామానులు కొనువాడు వచ్చి, గుండిగలను రెండింటిని, బిందెలను తూచి తీసికొనిపోయెను. వక్కలాకుపెట్టె యింకను కిటికీకడనే యుండెను. చదువుమాట ఏమి నిశ్చయించితిరని మేము వదినగారి నడిగితిమి. “ఆయన ఇప్పటికిని చూతములే యనుచున్నారు. కాని యీసారి లేచిపోలేదు” అనెను.